ఎనభై రెండు దగ్గర ఆగిన అంకె

నెద్యాల్కా దోచేవా, వయస్సు యాభై ఆరు సంవత్సరాలు, దోబ్రుజా పీఠభూమి మీది విద్యుత్ నియంత్రణ కార్యాలయంలో షిఫ్టు అధికారిణి. ఈ పంక్తులు రాస్తున్న వ్యక్తి అదే కార్యాలయంలో ఉత్తరాలకు నకళ్లు తీసే గుమాస్తా. ఆమెను ఇరవై మూడు సంవత్సరాలుగా ఎరుగును. ఇన్నేళ్లలో ఆమె మీద వచ్చిన ఫిర్యాదు ఒక్కటే. ఆ ఒక్క ఫిర్యాదులో ఒక మనిషి మరణం ఉంది.

ఆమె పని చెప్పడానికి చిన్నది. పీఠభూమి మీద గాలి వీచినప్పుడు గాలిమరలు తిరుగుతాయి. అవి పుట్టించే కరెంటు పడమటికి పోవడానికి రెండే లైన్లు. గాలి ఎక్కువై, వాడకం తక్కువైతే లైన్లు మోయలేక వేడెక్కి సాగుతాయి. అప్పుడు మరలను తగ్గించాలి. పూర్వం ఆ ఆజ్ఞ ఫోనులో పోయేది. ఆమె చెప్పేది, అవతలివాడు అక్షరం పొల్లుపోకుండా తిరగచెప్పేవాడు, ఆమె “సరి” అన్న తరువాతనే స్విచ్చు మీద చెయ్యి పడేది. తరువాత సమాచారం మోసే కబురు తీగలు వేశారు. లైన్ల మీద ఎంత భారం ఉన్నదో తెరల మీదికి రావడం, మరలకు ఆజ్ఞ పోవడం, అన్నీ వాటంతట అవే జరుగుతున్నాయి. కొత్తగా చేరినవారికి నెద్యాల్కా నేర్పే పాఠం మాత్రం మారలేదు.

“అంకె ఎంత ఉందో తర్వాత చూడండి. ముందు అది కదులుతోందా చూడండి. బతికున్న లైను క్షణం కూడా ఒక్కచోట నిలవదు. పక్షవాతం వచ్చిన మనిషిలా అంకె అలాగే ఉండిపోయిందంటే అక్కడ మాట్లాడేవాడు లేడని అర్థం.”

నవంబరు నాలుగవ తేదీన స్తంభాల మార్పిడి కోసం రెండు లైన్లలో ఒకదాన్ని ఆపి ఉంచారు. మధ్యాహ్నం మూడు గంటలకు సముద్రం వైపు నుండి గాలి లేచింది. కిటికీ అద్దాలు గలగలమంటున్నాయి. తెర మీద మిగిలిన లైను భారం నూటికి ఎనభై రెండు. ఆమె కాఫీ కప్పు దించి తెర వైపు చూసింది. ఎనభై రెండు. గాలి పెరుగుతున్నది. ఎనభై రెండు. కబురు ఆగిపోతే ఆ అంకె బూడిదరంగుకు మారాలి. మారలేదు. లైను అవతలి కొసనున్న సబ్‌స్టేషన్ ఫోను పలకలేదు. కబురు తీగ ఎక్కడో తెగింది, ఫోను కూడా ఆ తీగలోనే ఉంది. ఆమె తన సొంత ఫోనులో అక్కడి కాపలాదారు తానాస్‌ను పిలిచింది.

“బాబాయ్, పాత మీటరు ముల్లు ఎక్కడుందో చూసి చెప్పు.”

“ఎర్రగీత దాటి కూర్చుంది అమ్మాయ్. బయట తీగ రోడ్డు మీదికి దిగొచ్చింది. గడ్డి లారీ వస్తే తగిలేట్టుంది.”

“సరిగ్గా చూశావా?”

“నా కళ్ళద్దాలు పేపరు చదవడానికి. ముల్లు చూడ్డానికి నాకు అద్దాలక్కర్లేదు!”

ఆమె గాలిమరల కేంద్రానికి ఫోను చేసింది. అక్కడి నిర్వాహకుడు ఓగ్న్యాన్ ఆమె దగ్గరే పని నేర్చుకున్నవాడు.

“ఓగ్న్యాన్, మరల్ని సగానికి తగ్గించు. తిరగచెప్పు.”

“అక్కా, నా తెర మీద ఆజ్ఞేమీ రాలేదే. లైను ఎనభై రెండంటోంది. కూర్చుని కల కన్నావా ఏంటి?”

“తెరకి కబురు అందట్లేదురా. నేను చెప్తున్నా. తిరగచెప్పు.”

“నోటిమాటకి ఆపితే రేపు మా యజమాని నన్నే మరకి కట్టి తిప్పుతాడు. ఆజ్ఞ పంపించు, ఆపేస్తా.”

ఆజ్ఞ పోవలసిన తీగ కూడా అదే. ఆమె మరొక్క నిమిషం వేచింది. లైను దానంతట అది తెగిపడితే తీరమంతా, పెద్దాసుపత్రితో సహా, చీకటి అవుతుంది. మరల కేంద్రాన్ని లైనుకు కలిపే పెద్ద స్విచ్చు, బ్రేకరు, కబురు తీగతో పనిలేకుండా ఆమె చేతి కిందనే ఉంది. దానికే ఆరు పల్లెల సరఫరా కూడా వేలాడుతున్నదని ఆమెకు తెలుసు. పది నిమిషాల్లో పల్లెలను మరో దారిన తిరిగి కలపవచ్చునని లెక్క వేసుకుంది. తిరగచెప్పించుకోకుండానే మరల కేంద్రాన్ని విడదీసింది.

ఆ లెక్క తప్పింది. కబురు తీగ లేనందున పల్లెల స్విచ్చును ఇక్కడి నుండి వేయడం సాధ్యం కాలేదు. డెబ్బై ఏళ్ల తానాస్ పాత కారులో పధ్నాలుగు కిలోమీటర్లు పోయి చేత్తో వేయవలసి వచ్చింది. యాభై రెండు నిమిషాలు పట్టింది. ఆరింటిలో ఒక పల్లెలో దోబ్రీ మిన్చెవ్ అనే ఎనభై ఒక్క ఏళ్ల కమ్మరి ఊపిరి యంత్రం మీద ఉన్నాడు. మంచం పక్కనున్న సిలిండరు అరగంటకే అయిపోయింది.

విచారణ సంఘం ముగ్గురు సభ్యులది. అధ్యక్షుడు కాగితాలు తిప్పుతూ అడిగాడు.

“పావుగంటకోసారి నమోదైన భారం ఇదిగో. ఎనభై రెండు, ఎనభై రెండు, ఎనభై రెండు. ఇంత నెమ్మదిగా ఉన్న లైనుకి ఏం ప్రమాదం కనిపించిందమ్మా మీకు?”

“ఆ నెమ్మదే కనిపించిందండీ.”

“కాపలాదారుతో మాట్లాడినది రికార్డులో లేదు.”

“నా సొంత ఫోనులో మాట్లాడాను.”

“ఓగ్న్యాన్ మీ ఆజ్ఞ తిరగచెప్పాడా?”

“లేదండీ.”

“తిరగచెప్పని ఆజ్ఞ ఇవ్వనట్టేనని శిక్షణ పుస్తకంలో రాసింది ఎవరు?”

“నేనే.”

ఆమె తల దించలేదు, వాదించలేదు. ఒక్కటే అడిగింది. ఆ కొస సబ్‌స్టేషన్ గోడకు ఒక డబ్బా ఉన్నది. మీటరు చెప్పే ప్రతి క్షణపు లెక్కను తెరలకు పంపేది అదే. తీగ ఉన్నా తెగినా ప్రతి లెక్కనూ తన లోపల కూడా రాసుకుంటుంది. ముప్పై రోజులు దాచి, ఆపైన పాతదాని మీదనే కొత్తది రాసుకుంటుంది. దానిని తెరిచి చూడమన్నది. పరికరాల విభాగానికి రాసుకోమన్నారు. పరికరాల విభాగం విచారణ సంఘమే అడగవలెనని జవాబిచ్చింది. సంఘానికి మళ్లీ రాస్తే, ఉత్తరం అందినదనీ, నియమానుసారం ముప్పై రోజుల్లో సమాధానం వస్తుందనీ తెలిపారు. ఆ ఉత్తరాలన్నింటికీ నకలు తీసినది ఈ చేతులే.

తానాస్ మండిపడ్డాడు. “తాళం చెవి నా దగ్గరే ఉంది. పట్టపగలే ఊడబీక్కొచ్చి వాళ్ల బల్ల మీద పడేస్తా.”

“నువ్వు ముట్టుకుంటే అది సాక్ష్యం కాదు బాబాయ్, దొంగసొత్తవుతుంది. ఉన్న ఒక్క ఆధారాన్నీ నా చేతులతో చంపించకు.”

మరణం జరిగిన తొమ్మిదవ రోజున ఆమె చనిపోయినవారి పేరున పంచే ఉడికించిన గోధుమలు గిన్నెలో పట్టుకుని మిన్చెవ్ ఇంటికి నడిచింది. గేటు దగ్గర కూతురు బిసెర్కా అడ్డంగా నిలబడింది.

“ఎందుకొచ్చావు? మీ లాయరు పొమ్మన్నాడా?”

“రావద్దన్నాడమ్మా.”

“ఆ గిన్నె తీసుకుపో. నీ చేత్తో వండింది మా నాన్న పేరున పంచను.”

“సరే తల్లీ.”

నెద్యాల్కా వెనుదిరిగింది. పది అడుగులు వేసేసరికి వెనక నుండి కేక వినిపించింది.

“ఆగు! ఒక్కటి చెప్పి పో. నువ్వు ఆపకపోతే ఏమయ్యేది? అబద్ధమాడావో, నీ ముఖం మీదే ఉమ్ముతా.”

“లైను తెగేది. అప్పుడూ మీ ఊళ్లో కరెంటు పోయేది. తిరిగి రావడానికి ఇంకా ఎక్కువసేపు పట్టేది. కానీ నా మాట ఎందుకు నమ్ముతావు? నేనే ఆ ముల్లు చూడలేదు. ఎవరో చెప్తే విన్నాను. అసలు లెక్క ఆ డబ్బాలో ఉంది. వచ్చేనెల నాలుగున చెరిగిపోతుంది.”

“నీ లెక్క తప్పని తేలితే?”

“అప్పుడు మీ నాన్నని నేనే చంపినట్టు. అదైనా తెలియాలి కదమ్మా. తెలియకుండా నేను నిద్రపోలేను, మేలుకోనూ లేను.”

బిసెర్కా గిన్నె తీసుకోలేదు, లోపలికి రమ్మనలేదు. నిన్న మాత్రం ఆమె బస్సెక్కి మా కార్యాలయానికి వచ్చి, నకళ్ల బల్ల ముందు నిలబడి, “ఆ డబ్బా గురించి ఉత్తరం రాస్తే నేనూ సంతకం పెడతా. ఆవిడ కోసం అనుకునేరు, కాదు,” అన్నది.

నెద్యాల్కా ఇప్పుడు ఇంట్లో గోడ గడియారం చప్పుడు వినలేక ఆపేసింది. ఆపైన కదలని ముల్లునూ చూడలేక దానిని తీసి బీరువాలో పెట్టింది. అన్నం ఎదుట కూర్చుని ముట్టకుండానే లేస్తున్నది. తానాస్ రోజూ ఫోను చేసి డబ్బా దీపం వెలుగుతున్నదని చెబుతాడు. వెలుగుతున్నదంటే రాస్తున్నదని, రాస్తున్నదంటే చెరుపుతున్నదని ఆమెకు తెలుసు.

కావున విచారణ సంఘం వారికి సవినయంగా మనవి చేయునది: పై వృత్తాంతాన్ని దయతో పరిశీలించి, డిసెంబరు నాలుగవ తేదీకి ముందుగా, ఇరుపక్షాల సమక్షంలో, సదరు డబ్బాను సబ్‌స్టేషన్ గోడ నుండి తొలగించి, సీలు వేసి, అందులోని నవంబరు నాలుగవ తేదీ లెక్కలను భద్రపరచవలసిందిగా కోరుతున్నాము. ఆ లెక్కలు నెద్యాల్కా దోచేవాకు అనుకూలమైనా ప్రతికూలమైనా ఆమె శిరసావహిస్తానని రాసిచ్చిన పత్రం దీనికి జతచేయబడింది. మృతుని కుమార్తె బిసెర్కా మిన్చెవా సంతకం కింద ఉన్నది. నేడు నవంబరు ముప్పై. నియమానుసారపు ముప్పై రోజుల గడువును ఈ ఒక్క విషయంలో సడలించి, మూడు రోజుల్లోగా ఆదేశం ఇప్పించ ప్రార్థన.