చెంబెడు నీళ్ళతో ఇంజిన్ పరీక్ష

రాజనర్సయ్య తాతకు ఇంజిన్ల సంగతి తెలియదని అనేవాడు అమీర్‌పేటలో లేడు. అనడానికి తాత సందు ఇస్తేగా!

ఆయనది నీళ్ళ ట్యాంకర్ లారీ. గోడగోడకూ జావా కోర్సుల బోర్డులు లేచిన ఆ ఏళ్ళలో హాస్టళ్ళు ట్యాంకర్ల మీదే బతికేవి. నడి ఎండాకాలంలో లారీ ఇంజిన్ కాస్తా పోయింది. ఒక్కొక్క హాస్టలూ జారిపోగా చివరికి పంజాగుట్ట ఎత్తు మీది లేడీస్ హాస్టల్ ఒక్కటే మిగిలింది. దాని ఓనరు సీతామహాలక్ష్మి కూడా చెప్పేసింది.

"సోమవారం అమ్మాయిలకి ఇంటర్వ్యూలండీ. పొద్దున్నే నీళ్ళు రాకపోతే వేరే ట్యాంకర్ మాట్లాడేసుకుంటాను."

యూసుఫ్‌గూడ మెకానిక్ బుల్లబ్బాయి దగ్గర రెండు పాత ఇంజిన్లున్నాయి. ఒకటి ఆరు సిలిండర్లది, లారీకి మొదట ఉన్నదానిలాంటిదే. రెండోది నాలుగు సిలిండర్లది, చిన్న వ్యానులోంచి దింపింది.

"పెద్దదే వేయించండి బాబాయ్ గారూ. నిండు ట్యాంకుతో ఎత్తు ఎక్కాలంటే చిన్నది లాగలేదు."

"పొద్దంత ట్రాఫిక్ల నిలవడుడే గదా భాయ్! పెద్దది ఊకె డీజిల్ తాగుతది. చిన్నది బిగియ్యి."

"సరే, ట్రయల్ చూసి ఇవాళే చెప్పండి. పెద్దదానికి వేరే పార్టీ కాచుకుని ఉన్నాడు."

చిన్న ఇంజిన్ బిగించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఖాళీ బండి తోలితే మంచిది కాదని తాత భార్య రుద్రమ్మ నాయనమ్మ చెంబెడు నీళ్ళు ట్యాంకులో పోసి, "ఇగ నిండింది, పో" అంది. ఇంట్లో ఆవిడ మాటకు తిరుగులేదు. ఆ పూట తాత ఆ మాటను బరువు లెక్కలో కూడా వేసుకున్నాడు. బండి పంజాగుట్ట ఎత్తును మేకపిల్లలా ఎక్కేసింది.

"చూసినవా? నిండు బండి!" అని తాత మీసం దువ్వాడు. బుల్లబ్బాయి తల పట్టుకున్నాడు. సాయంత్రానికి పెద్ద ఇంజిన్ వెళ్ళిపోయింది.

సోమవారం ట్యాంకులో నిజంగానే నీళ్ళు నిండాయి. హాస్టల్ మేడ కనిపించే చోట, సగం ఎత్తులో బండి మూలిగింది. తాత మొదటి గేరు వేశాడు. అంతకంటే కిందికి గేరు లేదు.

"జర నడువు బిడ్డా... నీ కాల్మొక్త."

బండి ఆగి, వెనక్కి జారబోయింది. తాత బ్రేకు మీద నిలబడ్డాడు. కాలు తీస్తే వెనకున్న కార్లన్నీ నుజ్జే. ఒక ఆటో అతను పరుగున వచ్చి చక్రం కింద రాయి పెట్టాడు.

"తాతా, నీళ్ళిడుస్తవా, మమ్మల్ని సంపుతవా?"

తాత పైకి చూశాడు. బాల్కనీలో బకెట్లతో అమ్మాయిలు, నడుమ సీతామహాలక్ష్మి. బ్రేకు మీంచి కాలు తీయకుండానే, "ఇప్పు" అన్నాడు చిన్నగా.

ఆటో అతను వెనక వాల్వు తిప్పాడు. హాస్టల్ స్నానాలన్నీ రోడ్డు వెంట దిగువకు పోయాయి. ట్యాంకు అడుగున చెంబెడు మిగిలేసరికి బండి మళ్ళీ మేకపిల్లలా ఎక్కింది.

హాస్టల్ గేటు ముందు తాత అలవాటు కొద్దీ హారన్ కొట్టాడు. పైపు పట్టుకుని ఎవరూ రాలేదు. బాల్కనీలో సీతామహాలక్ష్మి ఫోన్‌లో ఎవరికో దారి చెబుతోంది.