పై వాటాలో మగగొంతు

ఎర్సీలియా దేన్నీ ఊరికే నమ్మదు. ఇవాళ్టి రొట్టే అని కొట్టువాడు ప్రమాణం చేసినా వేలితో నొక్కి చూసిగాని సంచిలో వేసుకోదు. అలాంటి మనిషి, భర్త పోయాక ఒంటరితనం భరించలేక, ఇటలీలోని పాదువాలో, మా పై వాటాలో ఉన్న తన ఇంట్లో ఒక గదిని వల్మీరా అనే అల్బేనియా పిల్లకు అద్దెకిచ్చింది. వల్మీరా వైద్యం చదువుతోంది. ఎర్సీలియా పెట్టిన షరతు ఒకటే: మగపిల్లలు గడప తొక్కకూడదు.

ఆ శనివారం వల్మీరా బట్టలుతికి తీగ మీద ఆరేసి, సంతకు పోయి ఉల్లికాడలు తెచ్చుకుంది. వాటిని పొరల పిండిలో పెట్టి వాళ్ల దేశపు బైరెక్ కాల్చింది. ఆ వాసన మా వంటింటి దాకా దిగింది. మధ్యాహ్నం దాటాక ఎర్సీలియా వచ్చి నా తలుపు కొట్టింది.

"నోరినా, పిల్ల గదిలో ఎవడో ఉన్నాడే," అంది గొంతు తగ్గించి.

"చూశావా?"

"చూడ్డమెందుకు, చెవులు లేవూ? బొంగురు గొంతు. ‘తొడ నుంచి మొదలుపెట్టు’ అంటున్నాడు! ఇది ‘సరేనండీ’ అంటోంది. అండీ అట! ముసలాడై ఉంటాడు."

"ఫోనులో ఏదైనా సినిమా చూస్తోందేమో."

"సినిమాకు ఎవరైనా ‘సరేనండీ’ అని జవాబిస్తారా? అయినా అంత బైరెక్ అదొక్కతే తింటుందా?"

అనుమానం నాకూ అంటుకుంది. సాయంత్రం మెట్ల మీద వల్మీరా ఎదురైతే ఆమె చేతిలోని సంచిలోకి తొంగిచూశాను. చెత్త. ఆమె సంచి మూతి బిగించి, నావంక ఒక చూపు చూసి దిగిపోయింది.

పడుకోబోయే ముందు ఎర్సీలియా ఆ గది ముందు పలచగా పిండి చల్లింది. ఆదివారం పొద్దున, చర్చికి బయలుదేరబోతున్న నన్ను చెయ్యి పట్టుకుని పైకి లాక్కుపోయింది. పిండిలో అడుగులు స్నానాల గది వైపు వెళ్లి తిరిగొచ్చాయి. పెద్ద పెద్ద అడుగులు.

"ఇంకేం కావాలి!" అని ఎర్సీలియా తలుపు బాదింది. "తియ్యి! వాణ్ణి బయటికి రమ్మను!"

వల్మీరా చెదిరిన జుట్టుతో తలుపు తీసింది. "ఎవర్ని, సిన్యోరా?"

ఎర్సీలియా ఆమెను తోసుకుని వెళ్లి బీరువా తెరిచింది, తెర లాగింది, మంచం కిందికి వంగింది. వంగినది వంగినట్టే ఉండిపోయింది. అక్కడ గోధుమరంగు ఇంటి చెప్పుల జత ఉంది. ఆమె భర్తవి.

"నేల మంచులా ఉంటోందని తొడుక్కున్నాను," అంది వల్మీరా. "చెప్పుల అరలో దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. ఎవరివో నాకు తెలీదు." అంతలోనే ఆమె గొంతు పెరిగింది. "నిన్నట్నుంచీ తలుపవతల మీ ఊపిరి వినబడుతూనే ఉంది. ఈవిడేమో నా సంచులు తొంగిచూస్తుంది. మా దేశం వాళ్లంటే దొంగలనేగా మీకు? ఇవాళో రేపో ఏదో పోయిందని నా నెత్తిన రుద్దుతారని రాత్రంతా నిద్రే పట్టలేదు."

"దొంగతనం మాట ఎవరెత్తారే? ఆ మగగొంతు ఎవరిదో చెప్పు!"

వల్మీరా ముఖం ఎర్రబడింది. గడ్డం కిందికి దించి, "తొడ నుంచి మొదలుపెట్టు," అంది. అచ్చం మగగొంతే. మంగళవారం ఎముకల మీద నోటి పరీక్షట. ఆ ప్రొఫెసరు గొంతు వింటేనే చదివిందంతా మరిచిపోతుందట. ఆ భయం పోవాలని ఆయనలా తనే అడుగుతూ, తనే తొడ ఎముక గురించి జవాబు చెప్పుకుంటోంది.

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఎర్సీలియా నవ్వలేదు. చెప్పులు తీసి, నడుముకు కట్టుకున్న వంటగుడ్డతో తుడిచింది. కాసేపు అలాగే పట్టుకుని నిలబడి, ఆ పిల్ల పాదాల ముందు పెట్టింది.

"తొడుక్కో. ఉత్తకాళ్లతో జలుబు చేస్తుంది."

మధ్యాహ్నం తానే పుస్తకం పట్టుకుని, కుర్చీ వేసుకుని ప్రశ్నలడిగింది. "గట్టిగా చెప్పు! గొణిగితే ఎవడికి వినబడుతుంది?" అన్న అరుపు నాకు కిందికి వినిపించింది.

సాయంత్రం ఎర్సీలియా నాకు బైరెక్ ముక్క తెచ్చిచ్చినప్పుడు, "ఇక అనుమానం తీరినట్టేనా?" అని అడిగాను.

ఆమె మెట్లవంక చూసి నా దగ్గరకు జరిగింది.

"మగాడు లేడులే. కానీ అంత బాగా గొంతు మార్చే పిల్లను ఎలా నమ్మేదే? ఇందాక ఫోన్లో వినబడిన వాళ్లమ్మ గొంతు నిజంగా వాళ్లమ్మదేనంటావా?"