చెక్క మీద పలికిన నంబరు

ఇన్నేళ్లుగా ఒక ప్రాణం నా గుండెల మీద కూర్చుని ఉంది. ఇంట్లో వాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

రెండువేల పది ప్రాంతంలో ఇచ్చోడలో పత్తి పురుగుమందుల గోదాముకు నేను గుమాస్తాను. డ్రమ్ములు దారి తప్పకుండా ఒక్కోదానికి ఒక్కో రేడియో బిళ్ళ అంటించమని పట్నం నుంచి పంపారు. చేతి యంత్రం చూపిస్తే డ్రమ్ము మూత మీదున్న నంబరే బిళ్ళ చెప్పాలి, యంత్రం కూసి దాన్ని తెర మీద చూపాలి. కానీ ఇనుముకు అంటిస్తే బిళ్ళ మూగబోయేది. లోపల మందు నిండుగా ఉంటే అసలే పలికేది కాదు. మధ్యలో చెక్కముక్క పెట్టి కట్టమన్నారు. అన్ని డ్రమ్ములకు ఎవడు కడతాడు? బిళ్ళలన్నీ తెచ్చి తలుపు పక్కన ఒక టేకు చెక్కకు కొట్టేశాను. యంత్రం చక్కగా కూసింది. పైవాళ్లు భుజం తట్టారు. ఉబ్బిపోయాను. ఆ తర్వాత డ్రమ్ములను కళ్లతో చూడడమే మానేశాను.

అడుగున మందు మిగిలిన డ్రమ్ము ఒకటి, ఖాళీ వాటితో కలిసి పాత సామాను బండెక్కింది. మా వైపు అలాంటివి కొనుక్కుని, కడిగి, తాగే నీళ్లు నింపుకునేవారు.

ఒక మధ్యాహ్నం బోథ్ ఊరి బస్సు దిగి ఒకతను డ్రమ్ము మూత పట్టుకుని పరుగున వచ్చాడు.

“సార్, గీ మూత మీద నంబర్ సూడుండ్రి. గా డ్రమ్ముల నీళ్లు తాగి మా అవ్వ పడిపోయింది. లోపట ఏం మందుండెనో డాక్టర్ అడుగుతుండు. జర జల్ది చెప్పుండ్రి.”

చూశాను. మాదే. నోరు తెరిస్తే ఉద్యోగం పోతుంది. యంత్రాన్ని తలుపు పక్క చెక్క మీదున్న ఆ నంబరు బిళ్ళ వైపు చాపాను. కూసింది. అదే నంబరు.

“సూసినవా, మా డ్రమ్ము లోపలనే ఉన్నది. గది వేరేది,” అన్నాను.

“మెషిన్ అబద్ధమాడదు గద సార్,” అని చేతులు జోడించి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే ఆమె పోయిందని బస్టాండులో విన్నాను.

మందు పేరు చెప్పి ఉంటే బతికేదా? ఏమో. ఆ ఏమో వెనకే ఇన్నాళ్లూ దాక్కున్నాను. ఉద్యోగానికి భయపడ్డానా, లేక నా తెలివికి దక్కిన మెప్పు పోతుందని నోరు కట్టేసుకున్నానా? రెండూ.

మర్నాడు ఆ బిళ్ళను పెకలించి, నిండు డ్రమ్ములోకి జారవిడిచాను. మందులో మునిగింది పలకకూడదు. యంత్రం తీశాను. కూసింది. అదే నంబరు. గోదాములో నేను తప్ప ఎవరూ లేరు. పాత నంబరు యంత్రంలో ఉండిపోయిందేమో అనుకున్నాను. బ్యాటరీలు తీసేశాను. అయినా కూత ఆగలేదు.

ఇప్పటికీ నిండు బిందె దగ్గరికి వెళితే సన్నగా వినిపిస్తుంది. నీళ్లు ముంచుకోవడానికి చేయి రాదు. ఎవరైనా ఇస్తేనే తాగుతాను. ఇంట్లో వాళ్లు బద్ధకమనుకుంటారు.

క్షమించమని అడగను, ఆ ముఖం లేదు. అతను ఎక్కడున్నాడో కూడా తెలియదు. ఆ రోజు దాచిన నిజం మాత్రం ఇవాళ చెబుతున్నాను, కాస్త ఊపిరి ఆడుతోంది. ఆ డ్రమ్ము మాదే. అందులో ఏ మందుందో ఆ రోజే నాకు తెలుసు.