కొత్త చెవి

మా గోపాలపట్నం బస్టాపులో నిలబడేవాళ్ళు రెండు రకాలు. బస్సు వస్తే ఎక్కేవాళ్ళు, రమణమూర్తి వస్తే ఎక్కేవాళ్ళు. రెండో రకం వాళ్ళకు ఆ బస్సు ఎటు పోతుందన్న పట్టింపు ఉండదు. నేను ఒకసారి సింహాచలం వెళ్ళాల్సినవాణ్ణి ఆయన రావడం చూసి కంగారులో ఏదో బస్సెక్కి పెందుర్తిలో దిగాను. స్వామి క్షమించాడు. ఆయనకూ చెవులున్నాయి కదా, అర్థం చేసుకుని ఉంటాడు.

రమణమూర్తి చెడ్డవాడని నేననను. తాగడు, తగాదా పెట్టుకోడు. ఉన్న జబ్బల్లా ఒకటే, మాటల పుట్టుపూర్వోత్తరాలు చెప్పడం. పోనీ అన్ని మాటలవీ చెప్పినా కాస్త మార్పుండేది. తిరిగి తిరిగి ఆయన 'చెవి' దగ్గరికే వచ్చేవాడు.

దానికి ఆయన ఉద్యోగమే కారణమని నా ఉద్దేశం. పోర్టు దగ్గర గోడౌన్లు అద్దెకిచ్చే ఒక ప్రైవేటు కంపెనీలో ఆయన తాళంచెవుల గుమాస్తా. గోడకు కొట్టిన కొక్కేలకు తాళంచెవులు వేలాడుతుంటాయి. పొద్దున ఇవ్వాలి, సాయంత్రం తీసుకోవాలి, అంతే పని. చీపురుపల్లి వైపు రైతు కుటుంబంలో పుట్టి, తెలుగు పండితుడు కావాలని భాషా ప్రవీణ మొదలుపెట్టి, సగంలో ఆగిపోయినవాడికి ఆ గోడ చూసీ చూసీ ఏమవుతుందో అదే అయింది.

"తాళాలివ్వండి" అని అడిగినవాడికి ఆయన ఏమీ ఇచ్చేవాడు కాదు. "తాళం అక్కడ తలుపుకి వేలాడుతోంది. నీకు కావలసింది చెవి. చెవి అని అడుగు" అనేవాడు. బయట లారీలు హారన్లు కొడుతుండేవి. లోపల డ్రైవరు చేతులు కట్టుకుని చెవి కథ వింటుండేవాడు. "కన్నడంవాడు దీన్ని కివి అంటాడు. మనం చెవి అన్నాం. మీరు సెవి అంటున్నారు. ఇలాగే జారిపోతే మీ మనవలు ఒట్టి 'ఎవి' అంటారు." అంతటితో ఆపితే బాగుండేది. తెల్లవాడి 'కీ' కూడా మన 'కివి'లోంచే పుట్టిందని తీర్మానం చేసి గాని చెవి ఇచ్చేవాడు కాదు. ఈ తీర్మానానికి ఆధారం ఏమిటని అడిగే తీరిక ఏ లారీ డ్రైవరుకుంటుంది?

ఇంగ్లీషువాడు మొక్కజొన్న కంకిని కూడా 'ఇయర్' అంటాడనీ, మనిషి చెవికీ ఆ కంకికీ చుట్టరికం లేదనీ, రెండు వేరు మాటలు ఒకే వేషం కట్టాయనీ బీచిలో కంకులు కాల్చే ముసలమ్మకు ఆయన చెబుతుంటే నేను విన్నాను. ముసలమ్మ విసనకర్ర ఊపడం మానేసి విన్నది. కంకి మాడిపోయింది. ఆ మాడిన కంకి నాకిచ్చింది.

ఒక ఆదివారం చేపలకని ఫిషింగ్ హార్బరుకు నా వెంట వచ్చాడు. అక్కడ అర్జునరావని నాకు తెలిసిన సరంగు ఉన్నాడు, అంటే మరబోటు నడిపేవాడు. సముద్రం మీద నుంచి అప్పుడే వచ్చి నిద్రకళ్ళతో ఉన్నాడు. రమణమూర్తి అతని చెయ్యి పట్టుకుని, "సంస్కృతంలో కర్ణం అంటే చెవి. పడవ చుక్కానిని కూడా కర్ణమే అంటారు. కనుక నువ్వు కర్ణధారుడివి, చెవి పట్టుకుని నడిపించేవాడివి" అన్నాడు.

అర్జునరావు నా వైపు తిరిగాడు. "బావా, ఈయన ఏటంతన్నాడు? నా పేరు అర్జునరావు. మద్దిలో ఈ కర్ణుడెవడు?" అన్నాడు.

ఇంతమంది తప్పించుకుని తిరుగుతుంటే ఆయన మాట వినేదెవరు? భార్య నారాయణమ్మ. మేనమామ కూతురే. వాళ్ళిల్లూ మా ఇల్లూ ఒకే గోడ. సాయంత్రం ఆయన వాలుకుర్చీలో కూర్చుని మొదలుపెడితే ఆమె ఎదురుగా కూర్చుని ఆయన ముఖంకేసే చూస్తూ, బియ్యంలో రాళ్ళేరుతూ, తల ఊపుతూ ఉండేది. ఒక్కనాడు అడ్డు చెప్పలేదు. "నా మాటంటే చెవి కోసుకునే మనిషి ఈ లోకంలో నారాయణమ్మ ఒక్కతే" అని ఆయన మాతో గర్వంగా అనేవాడు. ఆ మాట మీద చెవి కోసుకోవడమనే నుడికారం ఎలా పుట్టిందో చెప్పేవాడు.

మా వీధికి మాత్రం ఆమె మీద మంచి అభిప్రాయం లేదు. మొదట్లో కలుపుగోలుగానే ఉండేది. తొంభై ఆరు, తొంభై ఏడు తర్వాత మారిపోయింది. వెనక నుంచి పిలిస్తే పలకదు. కుళాయి దగ్గర నలుగురూ నవ్వితే ఒక క్షణం ఆగి నవ్వుతుంది. మొగుడి పాండిత్యం తలకెక్కిందని ఆడవాళ్ళు తేల్చేశారు. మా వీధిలో తేల్చడానికి పెద్ద విచారణ అక్కర్లేదు.

ఆ రోజుల్లోదే ఇంకొకటి నాకు బాగా గుర్తుంది. ఒక సాయంత్రం నేనూ ఆయనా పూర్ణా మార్కెట్ నుంచి కలిసి వచ్చాం. బీరువా తాళంచెవులు అరిగిపోయాయని భార్య చెప్పిందట, అక్కడ ఒక ముసలాయన దగ్గర కొత్తది చేయించాడు. మేం వచ్చేసరికి నారాయణమ్మ తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఎక్కడికో బయల్దేరినట్టుంది. ఆయన జేబులోంచి తాళంచెవి తీసి నవ్వుతూ ఆమె అరచేతిలో పెట్టి, "ఇదిగో, అడిగావుగా, కొత్త చెవి. దీన్నైనా జాగ్రత్తగా చూసుకో" అన్నాడు. నేనూ నవ్వాను, మర్యాదకి. ఆమె చేతిలోని చెవిని చూసింది, ఆయన్ని చూసింది, నన్ను చూసింది. దాన్ని కొంగున ముడివేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. "చూశావా ఎంత సంతోషమో" అన్నాడాయన.

రెండు వేల మూడులో రమణమూర్తి రిటైరయ్యాడు. తాళంచెవుల గోడ వదిలిపెట్టి వచ్చిన బెంగకు పుస్తకాల గదికి నొక్కితే పడిపోయే తాళం ఒకటి స్వయంగా బిగించాడు. స్వయంగా బిగించాడన్నది ఇక్కడ ముఖ్యం. ఒక ఆదివారం పొద్దున ఆయన లోపల ఉండగా తలుపు పడిపోయింది, లోపలి పిడి ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. తాళంచెవి నారాయణమ్మ బొడ్లో ఉన్న గుత్తిలో ఉంది.

"చెవీ! నారాయణా, చెవీ! చెవి!" అని కేకలు మొదలయ్యాయి.

వీధి వీధంతా ఉలిక్కిపడింది. రమణమూర్తి నోట చెవి మాట కొత్త కాదు గాని, ఇలా ప్రాణం పోతున్నట్టు అనడం ఎప్పుడూ లేదు. ఆయన చెవిలో ఏదో దూరిందని అందరికీ తోచింది. నాకూ అదే తోచింది. ఎదురింటి కొండలరావు వెల్లుల్లి వేసి కాచిన నూనె గిన్నెతో పరుగెత్తుకొచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"ఏ సెవండీ? కుడా, ఎడమా?"

"ఈ తలుపు చెవి!"

"తలుపుకి సెవేటి? పాపం, నొప్పికి బుర్ర తిరిగిపోనాది. ఇలా రండి, తల వొంచండి." కొండలరావు ఊచల్లోంచి చెయ్యి పెట్టి, దొరికిన చెవిలో నూనె పోసేశాడు.

'తలుపు చెవి' అన్న మాటతో సంగతి తెలిసి నేను వీధి గుమ్మంలోంచి పరుగెత్తాను. వరండాలో, ఆ గదికి నాలుగడుగుల దూరంలో, నారాయణమ్మ గోంగూర వలుస్తూ కూర్చుని ఉంది. లోపల మొగుడు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాడు. ఆమె నిమ్మళంగా ఆకు తుంచి చేటలో వేస్తోంది. నా నీడ మీద పడ్డాక తలెత్తి ఉలిక్కిపడి, "ఏటైనాది?" అంది. గది వైపు చూపించి తాళం తిప్పినట్టు చేతితో సైగ చేశాను. గుత్తి తీసి ఇచ్చింది.

తలుపు తీసేసరికి రమణమూర్తి భుజం మీదికి నూనె కారుతూ, కోపంతో ఊగిపోతూ బయటకొచ్చి భార్య ముఖం మీద ముఖం పెట్టి అరిచాడు.

"చెవుడా నీకు?"

ఆమె ఆయన పెదాలకేసి చూసింది. "అవును బావా" అంది.

కొండలరావు నూనె గిన్నె కింద పెట్టాడు.

"ఏళ్ళైపోనాది" అంది నారాయణమ్మ. "నీకు సెప్పాను గదా. దీపావళి ఎల్లిన మర్నాడు పొద్దున్న లేసేసరికి ఒకటి ఇనపళ్ళేదు. రెండు సెవుల్లో ఒకటి పని సెయ్యట్లేదు బావా అన్నాను. పేపరు సదువుతా నూనె సుక్క వెయ్యమన్నావు, రెండోది ఉంది కదా దాంతో నెట్టుకురమ్మన్నావు. నూనె ఏసుకున్నాను. నెట్టుకొచ్చాను. కొన్నాళ్ళకి రెండోదీ పోయేలా ఉందన్నాను. కొత్తది సేయిస్తానన్నావు. సెవులకి మిషన్లొచ్చాయని సేపలమ్మే గంగాలమ్మ సెప్పింది. దానికి కొలతలిప్పించడానికి తీసుకెల్తావని తయారై నిలబడ్డాను."

కొంగు ముడి విప్పింది. తాళంచెవి తీసి ఆయన అరచేతిలో పెట్టింది. ఇన్నేళ్ళూ ఏ చీర కడితే ఆ చీర కొంగున ముడేసుకుందట. ఒక్కసారి కూడా బీరువాకి పెట్టి చూడలేదు. పాతవి రెండూ బాగానే పనిచేస్తున్నాయి మరి.

"నలుగుర్లో నవ్వతా ఇచ్చావు. ఎగతాళి సేసినావనుకున్నాను. మరింకేటి సెప్పను?"

తాళంచెవిని పట్టుపట్టి 'చెవి' అనిపించిందీ ఆయనే, ఆ ఇంట్లో ఆ మాటకు ఇంకో అర్థం మిగలకుండా చేసిందీ ఆయనే. రమణమూర్తి ముఖంలో అప్పుడు కనిపించినదాన్ని నేను వర్ణించను. అంత చదువు చూసి ఇన్నాళ్ళూ పారిపోయినవాణ్ణి, ఆ పూట మాత్రం ఆ మనిషి మీద నాకు జాలేసింది. ఆమె మీద కలిగింది జాలి కంటే పెద్దది, దానికి మాట ఆయన్ని అడగాలి.

మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్ళాం. తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను. గోడ మీద బోర్డుంది, 'చెవి, ముక్కు, గొంతు' అని అంతంత అక్షరాలతో. రమణమూర్తి దాని కిందే కూర్చుని దానికేసి ఒక్కసారి కూడా తలెత్తలేదు. డాక్టరు పరీక్షలన్నీ చేసి, "ఉన్నట్టుండి వినికిడి పోయినప్పుడు ఆ మొదటి రోజుల్లోనే తీసుకొస్తే చాలామందికి మందులతో తిరిగొస్తుంది. ఇప్పుడు మందు లేదు. మిషను పెడితే కొంత వినిపిస్తుంది. ఇన్నాళ్ళూ ఏం చేశారండీ?" అన్నాడు.

ఇన్నాళ్ళూ ఏం చేశాడో నాకు తెలుసు, ఆయనకు తెలుసు.

మిషను వచ్చిన రోజు వాళ్ళ వరండాలో నేనూ కొండలరావూ ఉన్నాం. ఆమె దాన్ని చెవికి పెట్టుకుని మీట తిప్పింది. ముందు కాకి అరుపు విని నవ్వింది. తర్వాత రోడ్డు మీది లారీకి కళ్ళు మూసుకుంది. ఇప్పుడు ఈయన మిషను అన్న మాట ఏ దేశం నుంచి ఓడెక్కి వచ్చిందో మొదలుపెడతాడని కొండలరావు చెప్పుల్లో కాళ్ళు పెట్టేశాడు.

రమణమూర్తి ఆమె ఎదురుగా పీట మీద కూర్చున్నాడు. ఆయన నోట మా ప్రాంతపు మాట నేను వినడం అదే మొదటిసారి.

"తప్పైపోనాది నారాయణా" అన్నాడు.

ఆమె విన్నది. ఇన్నేళ్ళ తర్వాత చెవితో విన్న మొగుడి మొదటి మాట అది. మిషను సర్దుకుంటూ ఆయన ముఖంకేసి చూసింది.

"తప్పు అన్న మాట ఎక్కణ్ణుంచి వొచ్చింది బావా?"

"నాకు తెల్దు" అన్నాడు రమణమూర్తి.