నీళ్లు పోసే లోవమ్మ

రామచంద్రపురం పక్క ఊళ్లో ముప్పై ఏళ్లుగా పసిపిల్లలకు నీళ్లు పోసేది లోవమ్మే. కాళ్లు చాపి, బిడ్డను వాటిమీద పడుకోబెట్టి, నలుగు పెట్టి, చివర్లో సాంబ్రాణి పొగ పట్టేది. బాలింత ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆవిడ మాటే చెల్లేది.

అలాంటి ఊరికి ఆశా వర్కర్‌గా మెర్సీ వచ్చింది. నిండా పాతికేళ్లు లేవు. జలుబు చేసిన పిల్లలకు పొగ వద్దంది, ముక్కులో నూనె చుక్కలు వద్దంది. బిడ్డ చొక్కా పైకెత్తి, ఫోనులో టైము చూసుకుంటూ నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టేది.

"జలుబు చాలావరకు దానంతటదే తగ్గిపోద్దండి. ఊపిరి ఎగబీలుస్తున్నా, డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగకపోయినా మాత్రం ఆగకండి, వెంటనే నాకు ఫోన్ చెయ్యండి," అనేది.

తల్లులు చెవులప్పగించి వినేవారు. లోవమ్మకు ఒళ్లు మండిపోయేది. ఊపిరి లెక్కపెట్టడానికి కూడా ఉద్యోగాలిస్తున్నారు కాబోలు అని మూతి తిప్పుకునేది. తిప్పుకుంటూనే ప్రతి మాటా చెవిన వేసుకునేది.

ముసురు రోజుల్లో పావని మూడు నెలల కొడుక్కి జలుబు చేసింది. మూడోనాటికీ తగ్గకపోయేసరికి పావని లోవమ్మను పిలిచింది.

"మామ్మా, కాస్త పొగ పట్టవా?"

మెర్సీని కాదని తనను పిలిచింది! లోవమ్మ రెక్కలొచ్చినట్టు వెళ్లి, కుంపట్లో నిప్పులు రాజేసి, బిడ్డను కాళ్లమీద వేసుకుంది. అరచేతి కింద డొక్కలు గుంటలు పడుతున్నాయి.

"పాలు తాగాడా?"

"పొద్దుట్నుంచీ నోరే పెట్టట్లేదు మామ్మా."

గెలిచిన పూటే ఓడిపోవాలా అని ఏడుపొచ్చింది లోవమ్మకు. ఒక్కసారి పొగ పట్టి తర్వాత చెబితే ఏం పోతుంది? చెయ్యి సాంబ్రాణి డబ్బా దాకా వెళ్లింది. బిడ్డ సన్నగా మూలిగాడు. ఆవిడ చెంబెడు నీళ్లు తీసి కుంపట్లో కుమ్మరించింది.

"ఆ మెర్సీకి ఫోన్ చెయ్యవే, తొందరగా!"

ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. పిల్లల్లో మామూలుగా తిరిగే వైరస్సే ఊపిరితిత్తుల్లోకి దిగిందన్నారు. ఐదోరోజుకు బిడ్డ ఇంటికొచ్చాడు. అంతా మెర్సీ చలవేనంది ఊరు. లోవమ్మకు కడుపు రగిలిపోయింది.

ఆదివారం చర్చి నుంచి వస్తూ మెర్సీ ఆవిడ గుమ్మం దగ్గర ఆగింది.

"మామ్మగారండీ, కనిపెట్టింది మీరేనని డాక్టరుగారికి చెప్పానండి. నా లెక్క కన్నా ముందు మీ చెయ్యే పట్టేసింది. రోజూ నీళ్లు పోసేటప్పుడు పిల్లల్ని అలాగే చూసి నాకు చెప్తారాండి?"

లోవమ్మ మెర్సీని ఎగాదిగా చూసింది. పిల్ల ఆ పేరు కాస్తా తనే కొట్టేసి ఉంటే ఎంత బాగుండేది! లోవమ్మ బతికినన్నాళ్లూ హాయిగా కుళ్లుకునేది. ఇప్పుడు ఆ సుఖం కూడా లేకుండా చేసింది.

"గుమ్మంలో నిలబడతావేంటి? లోపలికి రా, కాఫీ తాగుదువుగాని," అంది విసుగ్గా.