డ్రైవరు గిరిజ

మా ఆవిడ గిరిజ గురించి రాస్తున్నాను. రాసింది ముందు తనకి వినిపించాలని ఆమె షరతు పెట్టింది. అందుకని నాకు అనుకూలంగా ఏదీ దాచే వీల్లేదు.

గిరిజకి అరవై ఏళ్ళు. పుట్టింది మండపేట. బీకాం ఫస్టు క్లాసులో పాసయింది. పెళ్ళయ్యాక కాకినాడలో ఇరవై నాలుగేళ్ళు నా స్కూటరు వెనక కూర్చుంది. న్యూజీలాండ్‌లో భూకంపం క్రైస్ట్‌చర్చ్‌ని పడగొట్టిన మరుసటేడు, మళ్ళీ కట్టడానికి ఇంజనీర్లు కావాలంటే నేను వచ్చాను, నాతో ఆమె వచ్చింది. ఆ ఊళ్ళోనే రిక్కార్టన్‌లో ఇల్లు తీసుకున్నాం. నాకు ఉద్యోగం, మా అబ్బాయి రవిచంద్రకి చదువు. మరి గిరిజకి ఏమిటని ఎవరూ అడగలేదు. ఆర్నెల్లు చూసి తనే వెళ్ళి ఒక ఆసుపత్రి వంటశాలలో చేరింది. వార్డులకి భోజనాలు చేరవేసే పని. పన్నెండేళ్ళు చేసింది. మనవాళ్ళెవరైనా అడిగితే "హాస్పిటల్లో చేస్తుంది" అనేవాణ్ణి. ఏం చేస్తుందో చెప్పేవాణ్ణి కాదు. నాకూ సరిగ్గా తెలియదు.

వచ్చిన రెండో ఏడే డ్రైవింగు లైసెన్సు కూడా తెచ్చుకుంది. అప్పుడు ఊరంతా తవ్వకాలు, ఏ వీధి చూసినా నారింజ రంగు కోన్లు. ఈ కోన్లు తీసేశాక నడుపుదువుగాని అన్నాను. సరేనంది. కోన్లు తీసేశారు, కొత్త వంతెనలు కట్టారు, కొత్త లైబ్రరీ కూడా కట్టారు. గిరిజ మాత్రం బస్సులోనే డ్యూటీకి వెళ్ళింది. కారు తాళం ఇమ్మని ఆమె అడగలేదని నేను చాలాకాలం చెప్పుకున్నాను. అడిగింది. నాలుగైదుసార్లు అడిగింది. ప్రతిసారీ నా దగ్గర ఏదో ఒక కారణం సిద్ధంగా ఉండేది.

నేను రిటైరయ్యాక సెకండ్ హ్యాండులో ఒక క్యాంపర్‌వ్యాన్ కొన్నాం. ఏడు మీటర్ల పొడవు. లోపల మంచం, స్టవ్వు, సింకు, చిన్న ఫ్రిజ్. రెండేళ్ళలో దక్షిణ ద్వీపం చాలామటుకు తిరిగాం. నడిపింది నేనే. గిరిజ పక్కన కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా వెనక రాక్‌లో దడదడమనే కంచాల వైపు తల తిప్పి చూసేది. అయినా ఆ బండిలో ఉన్నంతసేపూ ఆమె మొహం వేరు. ఇంట్లో నోరు విప్పని మనిషి అక్కడ పాటలు పాడేది. ఆమెకి ఎండు నేలలంటే ఇష్టం. టెకపో నుంచి అలెగ్జాండ్రా దాకా వానలు అంతగా పడని ప్రాంతం ఒకటుంది. న్యూజీలాండంటే పచ్చిక, గొర్రెలు అనుకునేవాళ్ళకి అది చూపించాలి. ఎండిన గడ్డి, గులకరాళ్ళు, చెట్టన్నది లేని గుట్టలు. అక్కడికి వెళ్తే గిరిజ ఊపిరి పీల్చే తీరే మారిపోయేది.

పోయిన డిసెంబరులో కంటి డాక్టరు నన్నిక బండి నడపొద్దన్నాడు. గ్లకోమా. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కనున్నది కనిపించదు.

"పక్కనున్నది మీకెప్పుడు కనిపించింది గనక," అంది గిరిజ బస్టాపులో. అప్పటికి అది ఎగతాళి అనుకున్నాను.

ఆ వారమే వ్యాన్ అమ్మకానికి పెట్టాను. అలెగ్జాండ్రాలో ఇయన్ అనే పెద్దాయన ఫోన్లో బేరం కుదుర్చుకున్నాడు. బండి తెచ్చిస్తానని మాటిచ్చాను. రవిచంద్ర తనుండే హెండర్సన్ నుంచి విమానంలో వచ్చి నడిపేటట్టు ఏర్పాటు. ఇదంతా అయ్యాక గిరిజకి చెప్పాను.

"అమ్మొద్దు," అంది.

"ఎవరు నడుపుతారే?"

"నేను."

నేను నవ్వాను. చిన్న నవ్వు కూడా కాదు. ఆ రోజు భోజనానికొచ్చిన మా స్నేహితుడు కిషన్‌రావు కూడా నవ్వి, "అన్నయ్యా, ఇన్సూరెన్స్ కట్టావుగా?" అన్నాడు. గిరిజ ఇద్దరికీ పెరుగు వడ్డించి లోపలికి వెళ్ళిపోయింది. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

మర్నాడు పొద్దున్నే రవిచంద్రకి తనే ఫోను చేసింది. "నువ్వు రావక్కర్లేదురా. బండి నేను తీసుకెళ్తాను."

"అమ్మా, క్రేజీగా మాట్లాడకు. లిండిస్ పాస్ కొండదారి ఎక్కాలి. నువ్వు కారే డ్రైవ్ చెయ్యలేదు."

"చెయ్యనివ్వలేదు," అంది. నా వైపు తిరిగి, "అమ్మడం మీ ఇష్టం, సరే. అక్కడిదాకా నడపడం నా ఇష్టం," అంది. ఆమె అడగటం లేదు, తెలియజేస్తోంది. ముప్పయ్యారేళ్ళ కాపురంలో నాకది కొత్త.

బయల్దేరే ముందు వారం రోజులు ఎవరో ఇన్‌స్ట్రక్టరుని పెట్టుకుని పొద్దునా సాయంత్రం వ్యాన్ తిప్పింది. నన్ను ఎక్కించుకోలేదు.

గురువారం బయల్దేరాం. మొదటి గంట నేను సీటు అంచున కూర్చుని, లేని బ్రేకుని కాలితో తొక్కుతూనే ఉన్నాను. రకాయా వంతెన దాటింది, జెరాల్డీన్ దాటింది. వెనక కార్లు నాలుగు పోగయితే పక్కకి తీసి దారిచ్చింది. నేను ఎప్పుడూ ఇవ్వలేదు. రాత్రికి ట్వైజెల్ దగ్గర ఆగాం. మర్నాడు పొద్దున్నే సగ్గుబియ్యం వడియాలు ఉడికించి, క్యాంపు బల్ల మీద నా పాత పంచె పరిచి పెట్టింది. క్రైస్ట్‌చర్చ్ తేమకి మూడు రోజులకీ ఎండని వడియాలు అక్కడ మధ్యాహ్నానికే పంచె వదిలాయి. పక్క వ్యానులోంచి ఒక కివీ ఆవిడ వచ్చి ఇవేమిటని అడిగితే నాలుగు వేయించి పెట్టింది. అమ్మబోయే బండిలో ఇంత సంబరం ఎందుకని నేను సణిగాను. నా సణుగుడు ఎవరూ పట్టించుకోలేదు.

అసలు గొడవ ఒమారామా దాటాక జరిగింది. నార్‌వెస్టర్ గాలి లేచింది. క్రైస్ట్‌చర్చ్‌లో అది తలనొప్పి తెప్పించే గాలి, ఇక్కడ వ్యాన్‌ని పక్కకి నెట్టే గాలి. ఇక నా నోరు ఆగలేదు. "ఎడమకి తియ్యి. మరీ అంత కాదు. బ్రేకు. బ్రేకు వెయ్యమంటే. వెనక ట్రక్కుంది చూశావా. నీకు చెప్తే వినవు కదా."

గిరిజ ఇండికేటరు వేసి, రోడ్డు పక్క గులక మీదికి తీసి, ఇంజను ఆపింది. హ్యాండ్‌బ్రేకు లాగింది. గొంతు పెంచలేదు.

"వెనక్కెళ్ళి కూర్చోండి. అక్కడా బెల్టుంది."

"గిరిజా, ఇది ఆటలు కాదు. ఏడు మీటర్ల బండి ఇది."

"నేను లాగింది పదకొండు మీటర్లు."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. ఆసుపత్రి భవనాల కింద పొడుగాటి సొరంగం ఉందట. వంటశాల నుంచి వార్డుల లిఫ్టుల దాకా బ్యాటరీతో నడిచే చిన్న బండి మీద, వెనక నాలుగు భోజనం ట్రాలీలు తగిలించుకుని వెళ్ళాలట. ఎనిమిదేళ్ళు అది నడిపింది గిరిజే. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి నేర్పింది కూడా ఆమేనట.

"ఆ ట్రాలీల్లో వేడి సూపు ఉంటుంది. మూలమలుపులు తొమ్మిది. సూపు ఒలికిందని ఒక్క వార్డు నించి ఒక్క కంప్లైంటు రాలేదండీ, ఎనిమిదేళ్ళలో."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"చెప్పాను. ఆ పని ఇచ్చిన రోజే చెప్పాను. మీరు టీవీలో వార్తలు చూస్తున్నారు."

గాలికి బండి ఊగుతోంది. నేను బెల్టు విప్పి వెనక్కి వెళ్ళాను. ఎవరి మీద కోపమో తేల్చుకోలేనంత కోపంగా ఉంది. వెనక బల్ల దగ్గర సీట్లో కూర్చుంటే దారి కనిపించదు. కనిపించేదల్లా స్టవ్వు, సింకు, కంచాల రాక్. లిండిస్ పాస్ ఎక్కడం మొదలైందని ఇంజను శబ్దాన్ని బట్టి తెలిసింది. మలుపులు వస్తాయి, కంచాలు పడతాయి, అప్పుడు చూద్దాం అనుకుంటూ, నా భార్య తప్పు చెయ్యాలని కాచుకుని కూర్చున్నాను. అలా కూర్చున్నానని రాయడం నాకేమీ గొప్పగా లేదు.

మొదటి మలుపు వచ్చింది. రాక్‌లోంచి చప్పుడు లేదు. రెండోది వచ్చింది, మూడోది వచ్చింది. ఒక గ్లాసు మాత్రం ఇంకో గ్లాసుకి తగిలి చిన్నగా మోగింది, అంతే. మలుపుకి ఎంతో ముందే వేగం తగ్గిస్తోంది, మలుపు మధ్యలో బ్రేకు ముట్టుకోవడం లేదు. గాలి తోసినప్పుడు బండి ఒక్కసారి ఒరిగి తిరిగి దారిలోకి వచ్చేస్తోంది. రెండేళ్ళు నేను ఆ కంచాలని దడదడలాడించాను. అది బండి లక్షణమనుకున్నాను. అది నా లక్షణం. ముందు సీట్లోంచి గిరిజ పాట మొదలుపెట్టింది. వింటూ వింటూ నేను నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి బండి కొండ దిగేసి టారస్ అనే పల్లె దగ్గర ఆగి ఉంది, గిరిజ టీ పెడుతోంది.

"నిద్రపోయారు," అంది.

"అవును."

ఎవరి డ్రైవింగులోనూ నేను నిద్రపోయేవాణ్ణి కాదు. అది ఆమెకీ తెలుసు. టీ అందించింది. నవ్వినందుకు తప్పయిందని చెప్పాను. విని, గ్లాసులు కడిగి రాక్‌లో పెట్టింది. ఒక్క మాటతో తీరేది కాదు కదా అది.

శనివారం పొద్దున అలెగ్జాండ్రాలో ఇయన్ ఇంటి ముందు ఆపింది. వెనక్కి తీసి, రెండు రాతి స్తంభాల మధ్య ఒక్క ప్రయత్నంలో పెట్టింది. ఇయన్ బయటికొచ్చి నాతో చెయ్యి కలిపాడు. దారి ఎలా ఉందని, టైర్లు ఎప్పుడు మార్చారని, పాస్ మీద ఇంజను వేడెక్కిందా అని అన్నీ నన్నే అడిగాడు. నేను తెలిసినట్టే సమాధానాలు చెబుతున్నాను. పాస్ మీద నిద్రపోయిన మనిషిని, ఇంజను సంగతి నాకేం తెలుసు. గిరిజ డ్రైవరు తలుపు దగ్గర తాళంచెవి పట్టుకుని నిలబడి ఉంది.

"మంచి బండి," అని ఇయన్ చెయ్యి చాచాడు, నా వైపే. "తాళంచెవి ఇస్తారా?"

నేను గిరిజ వైపు చూశాను. ఆమె కళ్ళల్లో బతిమాలటం లేదు. బతిమాలి ఉంటే నాకు తేలికయ్యేది, దయ చూపించినవాణ్ణి అయ్యేవాణ్ణి.

"మాటిచ్చేశాను గిరిజా," అన్నాను తెలుగులో.

"మీరిచ్చారు. నేనివ్వలేదు."

నలభై ఏళ్ళ ఉద్యోగంలో ఇచ్చిన మాట తప్పలేదన్నది నాకున్న గర్వాల్లో ఒకటి. ఆ గర్వం ఎవరి ఖర్చు మీద నిలబడిందో ఆ వాకిట్లో నిలబడితే తెలిసింది. నేను ఇయన్‌తో, "క్షమించండి. నాది కానిదాన్ని ఇస్తానన్నాను. డ్రైవరు ఆమె. ఆమెనడగండి," అన్నాను.

ఆయన అడిగాడు. గిరిజ ఇంగ్లీషులో, నెమ్మదిగా, అమ్మడం లేదని చెప్పింది. ఆయనకి కోపం వచ్చింది. శనివారమంతా పాడుచేశారని, దీన్ని నమ్మి తన పాత వ్యాన్ కూడా అమ్మేసుకున్నానని గట్టిగానే తిట్టాడు. తిట్టవలసినవాడే. తలవంచుకుని అంతా విన్నాను. గిరిజ తలవంచలేదు.

బండి ఎక్కుతుంటే రవిచంద్ర ఫోను.

"నాన్నా, అమ్మేశావా?"

"లేదురా. మీ అమ్మ ఇవ్వనంది. ఇటునించి ఇటే, ఇంకా దక్షిణానికి, ఇన్వర్‌కార్గిల్ వెళ్తున్నాం."

"నిజం చెప్పు నాన్నా. అమ్మ పక్కన కూర్చుంటే నీకు భయం వెయ్యట్లేదా?"

"వేస్తోందిరా," అన్నాను. "అయినా ఎక్కాను. మీ అమ్మ ముప్పయ్యారేళ్ళు నా వెనకా, నా పక్కనా అలాగే కూర్చుంది."