తలుపు దగ్గర నిలబడే పిల్ల

మా మేడ మీద గదిలో దిగిన పిల్ల ఒక బస్సు కండక్టరు కూతురు. తల్లి చిన్నప్పుడే పోవడంతో, బడి లేని రోజుల్లో తండ్రి ఆమెను బస్సులోనే వెంట తిప్పుకునేవాడట. వెనక తలుపు పక్క సీటు ఆమెది. నిద్ర అక్కడే, ఎక్కాలు అప్పజెప్పడం అక్కడే. కూతురికి యూనివర్సిటీలో సీటొచ్చిందని తెలిసిన రోజు ఆయన డిపో అంతా మిఠాయిలు పంచాడట. సామాను పైకి చేరేలోపే ఈ సంగతులన్నీ ఆయన దగ్గర రాబట్టాను. అడగకపోతే ఎవరు చెబుతారు?

ఆ పిల్ల మాత్రం నోరు విప్పేది కాదు. మెట్ల మీద ఎదురుపడితే గోడకు అతుక్కుపోయి నాకు దారిచ్చేది. కుళాయి దగ్గర మా కోడలు బిందె నింపుకుని వెళ్ళేదాకా దూరంగా నిలబడేది. సాయంత్రం క్లాసులయ్యాక వచ్చి కిటికీ దగ్గర కూర్చుంటే చీకటి పడేదాకా కదలదు. ఆమె కోసం ఎవరూ రారు. ఆ వయసు పిల్ల ఉన్న గదిలోంచి ఒక్క నవ్వయినా వినబడకపోతే నాకు అన్నం సహించదు.

ఒక రోజు ఆరేసిన బట్టలు తీయడానికి డాబా ఎక్కాను. పిల్ల అక్కడ పిట్టగోడ దగ్గర తండ్రితో ఫోనులో మాట్లాడుతోంది. నేను దుప్పటి ఒకటి పట్టుకుని, మడతపెట్టిందే మళ్ళీ మడతపెడుతూ నిలబడ్డాను.

“ఆదివారం వచ్చి నన్ను తీసుకెళ్ళిపో నాన్నా. ఇక్కడ నాతో ఎవరూ మాట్లాడరు. నేను దగ్గరికి వెళ్తే మాటలు ఆపేస్తారు. నాకీ చదువొద్దు.”

ఫోను పెట్టేయగానే దగ్గరికి వెళ్ళి ఆరా తీశాను. ఎవరితోనైనా పోట్లాడావా అంటే లేదంది. గొప్పలు పోయావా అంటే లేదంది. తాను బెంచీ మీద కూర్చుంటే పక్కవాళ్ళు సర్దుకుని అవతలికి జరుగుతారని చెప్పి కళ్ళొత్తుకుంది. ఇంత మెతక పిల్లను అందరూ కూడబలుక్కున్నట్టు ఎందుకు దూరం పెడతారు? ఆ సంగతేదో తేలేదాకా నాకు కుదురుండదని తెలిసిపోయింది.

మర్నాడు ఆ పిల్ల గొడుగు మరిచిపోయి వెళ్ళింది. నాకు అంతకన్నా ఏం కావాలి? గొడుగు తీసుకుని బయల్దేరాను. మా కోడలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“అత్తయ్యా, బయట ఎండ మండిపోతోంది.”

“వానేమైనా నీకు చెప్పి వస్తుందా?” అని చెప్పులేసుకున్నాను.

కనబడినవాళ్ళనల్లా అడుగుతూ వాళ్ళ క్లాసు పట్టుకున్నాను. పెద్ద హాలు. రెండు రెక్కల తలుపు. మా పిల్ల ఒక రెక్కకు వీపు ఆనించి, ఒక చెయ్యి పిడి మీద వేసి నిలబడి ఉంది. పిల్లలు మందగా వస్తుంటే ఒదిగి దారి ఇస్తోంది. గుమ్మంలో ఆగి కబుర్లాడేవాళ్ళను లోపలికి జరగమంటోంది. అందరూ వెళ్ళాక వరండాలో ఆ చివరా ఈ చివరా చూసి, పరుగెత్తుకొస్తున్న పొడుగు కుర్రవాడి కోసం ఆగి, లోపల తలలన్నీ ఒకసారి కళ్ళతో లెక్కేసి, అప్పుడు తాను ఎక్కి తలుపు వేసింది. ఎక్కి అని ఎందుకన్నానంటే, నాకు అక్కడ హాలు కనబడలేదు, బస్సే కనబడింది. పైగా ఒంటి మీద తండ్రి డిపో దర్జీ చేత ఒకే తానులోంచి కుట్టించిన బూడిద రంగు బట్టలు, అచ్చం యూనిఫారమాయె.

పాఠం అయ్యేదాకా వరండా బల్ల మీద కూర్చున్నాను. ముందుగా మా పిల్లే తలుపు తీసి, అందరినీ దింపి, నీళ్ళ కుళాయి వైపు వెళ్ళింది. నేను ఉంగరాల జుట్టు అమ్మాయినొకదాన్ని ఆపి, తలుపు దగ్గర నిలబడే ఆ పిల్ల ఎవరని అడిగాను. ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

“ఆఫీసు వాళ్ళు పెట్టిన మనిషి మామ్మగారూ. ఎవరు ఆలస్యంగా వచ్చారో, ఎవరు ఎగ్గొట్టారో చూసి పైకి చెబుతుంది.”

“మరి పాఠం కూడా వింటోంది కదమ్మా?”

“వినడమే కాదు, రాసుకుంటుంది కూడా. మా మాటలే రాస్తోందేమోనని మా భయం.”

మొన్న తనను లోపలికి జరగమంటే హడలిపోయి మొదటి బెంచీలో కూర్చున్నానని పొడుగు కుర్రవాడు వాపోయాడు. హాజరు పిలిస్తే పేరు వినబడేది కదా అన్నాను. ఇక్కడ పేర్లు పిలవరట, వేలు పెడితే మిషనే వేసుకుంటుందట. నాకు నవ్వు ఆగక గొడుగు మీద వాలిపోయాను. నవ్వు ఆగాక, ఆ పిల్ల మీ క్లాసుదేనని, కండక్టరు కూతురని, బస్సులో పెరిగిందని, అందరూ ఎక్కందే తాను ఎక్కడం ఆమెకు చేతకాదని చెప్పాను.

ఇంతలో పిల్ల తడి చేతులతో వచ్చింది. ఎప్పటిలాగే మాటలు ఆగిపోయాయి. ఆమె మొహం వాడిపోయింది.

ఉంగరాల జుట్టు అమ్మాయి ముందుకొచ్చింది. “నువ్వు మా క్లాసేనా? మరి రోజూ తలుపెందుకు వేస్తావు?”

పిల్ల తడి చేతులు బట్టలకు తుడుచుకుంది. “అందరూ ఎక్కాక వెయ్యాలి కదా.”

వరండా అంతా గొల్లుమంది. పిల్ల చెవుల దాకా ఎర్రబడింది. పొడుగు కుర్రవాడు, అయితే నా ఆలస్యాలు ఎవరికీ చెప్పలేదన్నమాట అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

“చెప్పలేదు. కానీ నీ కోసం తలుపు పట్టుకుని నిలబడలేక కాళ్ళు పీకుతున్నాయి” అంది పిల్ల. అని, తానూ నవ్వేసింది.

అయినా ఇంటికొచ్చాక తండ్రిని రావద్దని మాత్రం చెప్పలేదు. ఒక పూట నవ్వినంత మాత్రాన స్నేహమైపోతుందా మామ్మగారూ అంది.

ఆదివారం కండక్టరు ఖాళీ సంచులు చంకన పెట్టుకుని దిగాడు. పైకి వెళ్ళకుండా మా ఇంట్లోనే కూలబడి, బస్సులో పెంచి నేనే దాన్ని పాడుచేశానేమో పిన్నిగారూ అన్నాడు. నేను నోరు తెరిచేలోపే వీధిలోంచి కేక వినబడింది.

“కండక్టరమ్మా, తొందరగా దిగు. పాత పుస్తకాల కొట్లు మూసేస్తారు.”

చూద్దును కదా, ఉంగరాల జుట్టు అమ్మాయి, పొడుగు కుర్రవాడు, వెనక ఇంకో ఇద్దరు. పిల్ల కిందికి వచ్చింది. తండ్రిని చూసింది, ఆయన పక్కనున్న సంచులు చూసింది, వీధిలోకి చూసింది.

“నాన్నా, ఆ ఖాళీ సంచులు వెనక్కి పట్టుకుపో” అంది. “పుస్తకాలు కొంటే గదిలో వాటికి చోటు చాలదు.”

ఆయనకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక మంచినీళ్ళు అడిగి తాగి, మొహం తుడుచుకున్నాడు. అప్పటికే పిల్ల వాళ్ళతో కలిసి మలుపు తిరిగింది. నవ్వులు మాత్రం మా గుమ్మం దాకా వినబడుతున్నాయి.

ఆయన తిరుగు బస్సుకు ఇంకా చాలా వ్యవధి ఉంది. బలవంతంగా కూర్చోబెట్టి అన్నం వడ్డించాను. అంత చిన్న వయసులో భార్య పోతే మళ్ళీ పెళ్ళెందుకు చేసుకోలేదో ఇంకా అడగలేదాయె.